హ్యాండ్ మిక్సరు : గృహములందు కేకుల తయారీకి దాని ఎంపిక

గుడ్లు, వెన్న, మీగడ, పంచదార మొదలగువానిని వేగముగా గిలకొట్టి, ఆ మిశ్రమమునందు సూక్ష్మములైన గాలిబుడగలను నిలుపుటకై ఏర్పడిన, ఒక చేత పట్టుకొని నడుపదగిన విద్యుద్యంత్రమునకు హ్యాండ్ మిక్సరని పేరు. ఇంటివద్ద కేకులు చేయువారు దీనిని వాడుకలో బీటరనియే యందురు. ఒక చిన్న మోటారు, దాని వేగమును తగ్గించు పండ్లచక్రములు, ఎదురెదురుగా తిరుగు రెండు తీగె బీటర్లు, బొటనవ్రేలికి అందునట్లు అమర్చిన స్విచ్చి - ఇంతకు మించి దీనికి అంగములు లేవు. అంగములు స్వల్పములైనను ఒక్కొక్కదాని గుణదోషములు కేకు గుల్లదనమునందు స్పష్టముగా బయటపడును. కొనువారు సామాన్యముగా పెట్టెపై ముద్రించిన వాట్ల సంఖ్యను చూచి నిర్ణయింతురు. నిజమునకు ముందుగా చూడవలసినది దాని యతి మందవేగము, పిమ్మట మోటారు వేడెక్కు తీరు, ఆ పిమ్మట విడిభాగముల లభ్యత. వాట్ల సంఖ్య వీని తరువాతిది.

ఈ విషయమును కృష్ణా డెల్టాకు, అందును విజయవాడ ఆటోనగరు పరిసరములకు అన్వయించి చెప్పుటకు తగిన కారణములు గలవు. ఇచ్చటి వేసవి వెన్నను, మీగడను నిలువనీయదు గాన, శీతలదేశముల వంటపుస్తకములలోని కాలపరిమాణములు ఇచ్చట యథాతథముగా చెల్లవు. మఱియు, మోటారు లోపలి తీగెచుట్లను, కార్బన్ బ్రష్షులను నిత్యము చేతులతో విప్పి బిగించు పనివారు ఒక పేటగా ఏర్పడియున్న పట్టణమిది. ఆ విద్యను కొంత తెలిసికొన్న గృహిణి ఏ యంగడిలోనైనను మోసపోదు.

మొదటనే ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. పొడవైన కాడకు చివర చిన్న కత్తి గల హ్యాండ్ బ్లెండరు వేఱు, హ్యాండ్ మిక్సరు వేఱు. బ్లెండరు పప్పును మెదుపుటకు, పండ్లరసము తీయుటకు, సూపు చిక్కబరచుటకు పనికివచ్చును. మిక్సీ జారు పచ్చడి నూరుటకు, పొడి కొట్టుటకు పనికివచ్చును. ఈ రెండును పదార్థమును కోయునవే గాని దానిలో గాలిని నిలుపునవి కావు. మిక్సీలో గుడ్లను తిప్పినచో పైన కొంత నురుగు కట్టునుగాని, కేకునకు వలయునంతటి చిక్కని, చాలసేపు నిలుచు నురుగు ఏర్పడదు. బ్లెండరుతో పాటు తీగెల విస్కు నొకదానిని చేర్చి అమ్ముట నేడు కలదు. ఒకటి రెండు గుడ్లకు అది చాలును, వెన్నకు చాలదు.

పూర్వచరిత్ర

తెలుగువారి యిండ్లలో గిలకొట్టు పనిముట్లలో ప్రాచీనమైనది కవ్వము. దాని కాడకు త్రాడు చుట్టి రెండు చేతులతో మార్చి మార్చి లాగగా, అది ఒకమారు కుడికిని, ఒకమారు ఎడమకును తిరుగును; పెరుగులోని క్రొవ్వుకణములు ఒకదానితోనొకటి ఒరసికొని, వాని పైపొరలు చిట్లి, ముద్దగట్టి పైకి తేలును. మీగడను మిక్సరుతో గిలకొట్టునపుడు జరుగునదియు ఆరంభమున ఇదియే. అయితే కవ్వమునకు వెన్న తేలుట ఫలసిద్ధి. కేకుపై పూయుటకు మీగడను గిలకొట్టువారికి వెన్న తేలుట పని చెడుట. ఈ రెండవస్థల నడుమ కాలవ్యవధి మిక్కిలి స్వల్పము. ఆ వ్యవధిలో యంత్రమును మందగింపజేసి ఆపగల వీలు ఉండుటయే మిక్సరునకు ప్రధానమైన యోగ్యత.

చేతిపిడిని త్రిప్పగా పండ్లచక్రములచే తిరుగు గుడ్లగిలక పాశ్చాత్యదేశములలో పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినది. అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి రాల్ఫ్ కోలియరు 1856లో ఇట్టిదానికి పేటెంటు పొందెను; 1870లో టర్నరు విలియమ్సు రెండు బీటర్లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగు ఏర్పాటును కల్పించెను. నేటి హ్యాండ్ మిక్సరునందును ఈ యెదురుత్రిప్పుడే కొనసాగుచున్నది. దీనికి రెండు ప్రయోజనములు గలవు: రెండు బీటర్ల నడుమకు పదార్థము తనంతట తానే లాగబడుట యొకటి, ఒకదాని ప్రతిక్రియను రెండవది రద్దుచేయుటవలన యంత్రము చేతిలో మెలిదిరుగకుండుట రెండవది. రూఫస్ ఈస్ట్‌మన్ 1885లో విద్యుత్తుతోను నడుపదగిన మిక్సరునకు పేటెంటు పొందెను. ఓహాయో రాష్ట్రమున హోబర్టు కంపెనీ ఇంజనీరగు హెర్బర్టు జాన్‌స్టను, బేకరీపనివాడొకడు పిండిని చేతితో కష్టపడి కలుపుట చూచి, 1908 ప్రాంతమున పెద్ద యంత్రమును యోచించెను. దాని గృహరూపము 1919లో కిచెన్‌ఎయిడ్ అను పేర వెలువడినది. అది సుమారు ముప్పది కిలోల బరువు గలది. ఐవార్ జెప్సను రూపొందించిన సన్‌బీమ్ మిక్స్‌మాస్టరు 1930లో తక్కువ వెలకు లభించి, సామాన్య గృహములందు ప్రవేశించెను. పీఠము, గిన్నె లేక కేవలము చేతిలో నిముడు మిక్సరు యూరపున విస్తరించినది 1950ల చివర. జర్మనీలో క్రుప్సు వారి త్రీమిక్సు 1959లో వెలువడినది.

మన దేశమున చరిత్ర వేఱొక మార్గమున నడచినది. భారతీయుల వంటయింటికి మొదట కావలసినది నూరు యంత్రమే గాని గిలకొట్టు యంత్రము కాదు. ముంబయిలో సత్యప్రకాశ్ మాథురు నెలకొల్పిన సంస్థ తయారుచేసిన సుమీత్ మిక్సీ, కొబ్బరిని, నానిన పప్పును, ఎండుమిర్చిని నలుగగొట్టుటకు తగిన బలమైన మోటారుతో వెలసి, మన స్త్రీలను రోటిపనినుండి చాలవరకు విముక్తలను గావించెను. కృష్ణా డెల్టాలోని స్వంత పిండివంటలు - బందరు లడ్డు, సున్నుండలు, అరిసెలు - మూకుడుతోను, పాకముతోను సిద్ధించునవి. ఓవెను వానికి అక్కరలేదు. కేకు బేకరీనుండి వచ్చు వస్తువుగానే మిగిలెను. ప్రెషరుకుక్కరు అడుగున ఇసుకయో ఉప్పో పరచి, పైన గిన్నెనుంచి కేకు కాల్చుట మొదట గృహములలో వ్యాపించి, పిమ్మట ఓటీజీ ఓవెను, కన్వెక్షను మైక్రోవేవు వచ్చినవి. ఓవెను ఇంటిలో చేరిన పిదపనే బీటరు అవసరము కలిగెను.

గాలి, క్రొవ్వు, ఉష్ణము

కేకు పొంగుటకు బేకింగుపౌడరే కారణమని పలువురు తలంతురు. అది పూర్ణసత్యము కాదు. బేకింగుపౌడరు పుట్టించు బొగ్గుపులుసు వాయువు క్రొత్త బుడగలను కల్పింపజాలదు. గిలకొట్టుటవలన అదివఱకే మిశ్రమమున నిలిచియున్న బుడగలలో చేరి వానిని పెద్దవి చేయును. పిండిలోని నీటి యావిరియు అట్లే చేయును. కావున బుడగల సంఖ్యను, సన్నదనమును నిర్ణయించునది ఓవెను కాదు, దానికి ముందు జరిగిన గిలకొట్టుడు. గారెలకు మినప్పిండిని చేతితో చాలసేపు చఱచి, చిటికెడు పిండిని నీటిలో వేసి తేలినదా లేదా యని చూచు మన పెద్దలు ఈ సత్యమును చక్కగా నెఱిగినవారే.

వెన్న, పంచదారలను కలిపి గిలకొట్టునపుడు పంచదార పలుకుల అంచులు వెన్నలోనికి గాలిని ఈడ్చుకొనిపోవును. వెన్న మెత్తబడి యుండవలెను గాని కరగియుండరాదు. సుమారు 18 నుండి 21 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఈ పని చక్కగా సాగును. ముప్పది దాటి కొంచెము పైకి పోగానే వెన్న జారి, పట్టిన గాలి యంతయు విడిచిపోవును. ఇంటిలో చిలికిన గేదెవెన్న తెల్లగా, మనోహరముగా నుండునుగాని, దానిలో మజ్జిగనీరు మిగిలియుండుటచే కేకునకు వాడదలచినచో చల్లని నీట పలుమారులు కడిగి, గట్టిగా పిండవలయును. అంగడిలోని వెన్నలో క్రొవ్వు నూటికి ఎనుబది పాళ్లకు తగ్గదు. ఉప్పు చేరనిదానిని అడిగి తీసికొనుట మేలు.

గుడ్ల విషయము మఱియొకటి. మన దేశమున గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానమున నున్నది. డెల్టాలో గుడ్లకు కొదువ లేదు. తెల్లసొనలోని మాంసకృత్తులు బీటరు తాకిడికి మడతలు విడి, గాలిబుడగల చుట్టును పొరగా నల్లుకొనును. ఈ యల్లికను క్రొవ్వు పాడుచేయును. పచ్చసొన బొట్టు తగిలినను, గిన్నెకు నూనెజిడ్డు అంటియున్నను నురుగు పలుచబడును. ప్లాస్టిక్కు గిన్నె జిడ్డును పూర్తిగా విడువదు గాన లోతైన స్టీలుగిన్నెయే ఉత్తమము. నాలుగైదు చుక్కల నిమ్మరసము నురుగునకు స్థిరత్వము నిచ్చును. మొత్తము గుడ్డును పంచదారతో కలిపి గిలకొట్టి స్పాంజి చేయునపుడు, గిన్నెను గోరువెచ్చని నీటిపై నుంచినచో నురుగు త్వరగా కట్టును. నాలుగు గుడ్లకు ఎనిమిది పది నిమిషములు పట్టుట సామాన్యము. బీటరెత్తినపుడు మిశ్రమము రిబ్బనువలె జారి, క్షణకాలము గీతగా నిలువవలెను. ఈ పది నిమిషముల సంగతి మోటారును గూర్చి చెప్పునపుడు మరల వచ్చును.

మీగడకు వచ్చుసరికి అంగడిసరకును తెలియక నష్టపోవువారు చాలమంది. అమూల్ ఫ్రెష్ క్రీమునందు క్రొవ్వు నూటికి 25 పాళ్లు మాత్రమే. కేకుపై నిలుచునట్లు గట్టిపడుటకు 30 పాళ్లకు తక్కువ పనికిరాదు గాన, ఎంత గొప్ప మిక్సరుతో ఎంతసేపు కొట్టినను ఆ క్రీము గట్టిపడదు. దోషము యంత్రముది కాదు. విప్పింగ్ క్రీమని వ్రాసియున్నదానినే కొనవలయును. మన బేకరీలలో కూల్ కేకులపై కనబడునది చాలవరకు పాలమీగడ కాదు. అది వృక్షసంబంధమైన క్రొవ్వులతో చేసిన విప్ టాపింగు. దీనిని అమెరికాలోని బఫెలో నగరమున రాబర్టు రిచ్ 1945లో సోయాచిక్కుడునుండి మొదట తయారుచేసెను. ఆయన పేరిట గల రిచ్స్ వారి సరకు నేడు మన గృహబేకర్లకు సుపరిచితము. అది పాలమీగడకంటె వేడికి కొంత యోర్చును. రుచియందు మాత్రము పాలమీగడకు సాటిరాదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము.

విజయవాడలో మే నెల పగటివేడి 40 డిగ్రీలు దాటుట పరిపాటి. వంటగదిలో ఓవెను వెలిగినచో అది మఱింత పెరుగును. బీటర్ల యొరపిడివలన మిశ్రమము స్వయముగా కొంత వేడెక్కుననుటయు మఱువరాదు. కావున ఇచ్చట వెన్నను గిలకొట్టువారు గిన్నె క్రింద మంచునీటి పళ్లెమునుంచుట, క్రీమునకు గిన్నెను, బీటర్లను కూడ ముందుగా ఫ్రిజ్జులో చల్లబరచుట, పని ఉదయముననే ముగించుట అలవాటు చేసికొనవలయును. డిసెంబరు మాసము ఇందుకు భిన్నము. గుణదల మరియమాత క్షేత్ర పరిసరములలోను, నగరమంతటను క్రిస్మసు ప్లమ్‌కేకులు తయారగు ఆ దినములలో వాతావరణమే వెన్నకు అనుకూలించును. వేసవిలో ఎన్నడును కుదరని గుల్లదనము ఆ మాసమున సునాయాసముగా కుదురును. ప్లమ్‌కేకులో ఎండుపండ్లు, జీడిపప్పు చేర్చు సమయమునకు మాత్రము మిక్సరును ప్రక్కనబెట్టి గరిటతో కలుపవలయును.

మోటారు

హ్యాండ్ మిక్సరులోనిది యూనివర్సల్ మోటారు. దీని కదలక నిలుచు ఫీల్డుకాయిలు, దాని నడుమ తిరుగు ఆర్మేచరు ఒకే వరుసలో కలుపబడి, ఒకే కరెంటు రెండిటిగుండ ప్రవహించును. ఏ.సీ. కరెంటు దిశ మారినప్పుడెల్ల రెండిటిలోను ఒక్కమారే మారును గాన తిరుగు దిశ మారదు. అందుచే ఇది ఏ.సీ.తోను, డి.సీ.తోను నడువగలదు. చిన్న పరిమాణమున గొప్ప వేగమిచ్చుట దీని గుణము. నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగుట దీనికి అరుదు కాదు. ఆ వేగమును ఇరుసు చివర గల వార్మ్ గేరును, దాని కిరువైపుల తిరుగు రెండు నైలాను పండ్లచక్రములును కలిసి అనేకరెట్లు తగ్గించి బీటర్లకు అందజేయును. కరెంటు ఆర్మేచరును చేరు మార్గము రెండు చిన్న కార్బన్ బ్రష్షులు. అవి ఆర్మేచరు కొనయందలి రాగికడ్డీల వలయమగు కమ్యూటేటరుపై ఒరయుచు క్రమముగా అరిగిపోవును. స్విచ్చి వేసినపుడు గాలి రంధ్రములలో కనబడు సన్నని నీలపు మెఱుపు సహజమే. ఎఱ్ఱని నిప్పురవ్వలు చుట్టును చిందుట మాత్రము బ్రష్షులు అరిగినవనుటకో, కమ్యూటేటరు చెడినదనుటకో గుర్తు.

ఈ మోటారు భారము పెరిగినకొలది మందగించును. మందగించినకొలది ఎక్కువ కరెంటు గుంజును. ఎక్కువ కరెంటుచే తీగె వేడెక్కును. అదే సమయమున లోపలి ఫ్యాను నెమ్మదిగా తిరుగుటచే చల్లదనము తగ్గును. గట్టిపిండిలో మిక్సరు మూలిగి, కొలదిసేపటికే కాలిన వార్నీషు వాసన కొట్టుటకు కారణమిదియే. పెట్టెపై వ్రాసిన వాట్లు మోటారు గుంజుకొను శక్తిని తెలుపును గాని, బీటర్ల కొసలకు చేరు శక్తిని తెలుపవు. నడుమ తీగె వేడికి, బ్రష్షుల యొరపిడికి, గేర్లకు పోవునది పోగా మిగిలినదే పనికి వచ్చును. మంచి గేర్లు గల 200 వాట్ల యంత్రము, నాసి గేర్లు గల 300 వాట్లదానికంటె మేలైన పని చేయుట కద్దు. విద్యుత్తు ఖర్చు దృష్ట్యాను వాట్లు లెక్కింపదగినవి కావు: 300 వాట్ల మిక్సరు పది నిమిషములు నడచినచో యూనిట్టులో ఇరువదవ వంతు మాత్రమే ఖర్చగును. మన అంగళ్లలో దొరకు ఫిలిప్స్, బజాజ్, ఆర్పాట్ మొదలగువారి మిక్సర్లు చాలవరకు 150 నుండి 300 వాట్లలోపువే. ఇంటి కేకునకు ఈ పరిమితిలోని ఏ సంఖ్యయైనను సరిపోవును.

వేగముల సంగతి ఇంతకంటె ముఖ్యము. పెట్టెపై అయిదు వేగములనియు, ఏడు వేగములనియు, టర్బోయనియు వ్రాయుదురు. కొన్నిటిలో ఫీల్డుకాయిలు చుట్లనుండి వేఱువేఱు చోట్ల కొసలు తీసి స్విచ్చికి కలుపుదురు. కొన్నిటిలో మొదటి వేగమునకు ఒక డయోడు చేర్చి కరెంటు అలలో సగమును మాత్రమే పోనిత్తురు. వెలగలవానిలో ట్రయాకను ఎలక్ట్రానిక్ స్విచ్చితో వేగమును దిద్దుదురు. వేగముల సంఖ్య ఎంతయైనను, మొదటి వేగము నిజముగా మందమైనది కానిచో ఆ మిక్సరును విడిచిపెట్టవలయును. ఏలయనగా మైదా చేర్చిన తక్షణము మిక్సరు పని దాదాపు ముగిసినట్లే. తడిసిన మైదాను వేగముగా కొట్టినచో దానిలోని గ్లూటెనను జిగురు సాగి కేకు రబ్బరువలె గట్టిపడును. పొడిమైదా వంటగదియంతయు ఎగురును. క్రీము వెన్నగా విఱిగిపోవును. కేకును చెఱచు మూడు ప్రమాదములును అతివేగమునుండియే పుట్టుచున్నవి. వేగము చాలనందున చెడిన కేకు అరుదు. ఇంకొక రెండు నిమిషములు కొట్టిన ఆ కొఱత తీరును.

ఆటోనగరు

విజయవాడకు తూర్పున, పటమట, కానూరుల నానుకొని, 1966లో జవాహర్ ఆటోనగరు పేర ఏర్పడిన ఈ పారిశ్రామికవాడ లారీల బాడీలు కట్టుటకు, ఇంజనుల మరమ్మతునకు, లేతు పనులకు, కమాన్లకు, రేడియేటర్లకు ప్రసిద్ధి. ఆసియాలోనే పెద్దవగు ఆటోనగరులలో నొకటిగా దీనిని చెప్పుదురు. ఇచ్చటి అంగళ్లలో ఒక తరగతి సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేయువారిది. లారీ ఇంజనును మొదట త్రిప్పి అంటించు సెల్ఫ్ మోటారు, కేకునకు గుడ్లు కొట్టు మిక్సరు మోటారు కుటుంబరీత్యా దగ్గఱి చుట్టములు: రెండిటిలోను ఫీల్డు, ఆర్మేచరు వరుసగా కలిసియుండును, రెండిటిలోను కార్బన్లు, కమ్యూటేటరు ఉండును. ఒకటి బ్యాటరీ 12 లేక 24 వోల్టులతో నడచును, రెండవది ఇంటి 230 వోల్టులతో నడచును. భేదము తీగె సన్నదనములోను, చుట్ల సంఖ్యలోను కలదు.

ఆ పనివారు లారీడ్రైవర్లకు చెప్పు హెచ్చరిక మిక్సరు వాడువారికిని చెల్లును: సెల్ఫును విడువక నొక్కి పట్టరాదు. ఆ మోటారు కొన్ని క్షణముల పనికే ఉద్దేశింపబడినది. హ్యాండ్ మిక్సరు కొన్ని నిమిషముల పనికే ఉద్దేశింపబడినది. ప్రతి మిక్సరుతోడను ఇచ్చు చిన్న పుస్తకములో ఎడతెగక ఎన్ని నిమిషములు నడుపవచ్చునో, తరువాత ఎంత విశ్రాంతి ఇయ్యవలయునో వ్రాసియుండును. స్పాంజికి పది నిమిషములు పట్టునని పైని చెప్పబడినది. అయిదు నిమిషముల పరిమితి గల యంత్రముతో ఆ పని చేయువారు నడుమ ఆపి, మోటారు చల్లబడిన పిమ్మట కొనసాగింపవలెను. గుడ్లనురుగునకు ఆ విరామమువలన హాని లేదు. ఎడతెగని పనికి ఎక్కువ నిమిషములు అనుమతించు మిక్సరునకు, వాట్లు తక్కువైనను, ఎక్కువ వెల పెట్టుట న్యాయము.

ఇంటి మిక్సీలు, మిక్సర్లు సామాన్యముగా పేటలలోని ఎలక్ట్రికల్ అంగళ్లలోనే బాగుపడును. ఆటోనగరు ముఖ్యముగా వాహనములది. ఐనను ఆర్మేచరును పరీక్షించు పద్ధతి, కమ్యూటేటరు కడ్డీల నడుమ పేరిన కార్బన్ పొడిని గీకి తీయుట, క్రొత్త బ్రష్షును దాని వంపునకు సరిపడునట్లు గరుకు కాగితముతో అరగదీయుట ఇవి రెండుచోట్లను ఒక్కటే విద్య. మిక్సరునకు వచ్చు వ్యాధులు నాలుగైదే. బ్రష్షులు అరిగినచో యంత్రము ఆగి ఆగి నడచును. ఇది అల్పవ్యయముతో తీరును. వైరు పిడివద్ద వంగి వంగి తెగును, ఇదియు సులభమే. నైలాను పండ్లు అరిగినచో మోటారు గోలచేయును గాని బీటర్లు తిరుగవు. ఆ చక్రము వేఱొక కంపెనీదానికి సరిపడదు గాన విడిభాగము దొరకినచో బ్రతుకును, దొరకనిచో లేదు. ఆర్మేచరు వైండింగు కాలిపోయినచో, సన్నని తీగెను మరల చుట్టు కూలి తక్కువ వెల మిక్సరు విలువకు సమీపించును. అపుడు క్రొత్తది కొనుటయే వివేకము. కావున కొనునపుడే ఆ కంపెనీ సర్వీసుకేంద్రము విజయవాడలో నున్నదా, గేర్లు విడిగా ఇత్తురా యని విచారించుట, రంగును గూర్చి విచారించుటకంటె ముఖ్యము.

కొనుటయందు పరీక్షింపదగినవి

బీసెంటు రోడ్డు, గవర్నరుపేట ప్రాంతముల అంగళ్లకు స్వయముగా వెళ్లి చేతబట్టి చూచి కొనుట, చిత్రమును చూచి తెప్పించుకొనుటకంటె శ్రేష్ఠము. వెల వెయ్యి రూపాయలలోపు మొదలై మూడువేల వఱకు సామాన్యముగా నుండును. యంత్రమును చేత పట్టుకొని, మోచేయి ఎత్తి, రెండు మూడు నిమిషములు గాలిలో నిలిపి చూడవలెను. కిలో బరువు మొదట తేలికగా తోచినను, బరువంతయు ముందుకు వ్రాలునట్లు నిర్మించినదైనచో మణికట్టు త్వరగా నొచ్చును. అంగడివాడు అనుమతించినచో ఒక లోతుగిన్నెలో నీరు పోయించి, మొదటి వేగమున బీటర్లను ముంచి నడిపింపవలయును. నీరు గిన్నె దాటి చిందినచో మైదాయు అట్లే చిందును. తరువాత పూర్తివేగమున ఒక నిమిషము నడిపి, గాలి రంధ్రముల యొద్ద చేయి పెట్టి వేడిని, వాసనను గమనింపవలెను. క్రొత్త యంత్రమున తొలిదినములలో కొంత వాసన సహజము; పొగ సహజము కాదు.

బీటర్లు స్టెయిన్‌లెస్ స్టీలువై యుండవలెను. ఇనుముపై క్రోమియము పూతగలవి మన తేమగాలిలో కొన్నినెలలకే కాడవద్ద పెచ్చులూడి తుప్పుపట్టును. ఆ పెచ్చులు పిండిలో కలియుట ఆరోగ్యకరము కాదు. రెండు బీటర్లలో ఒకదాని కాడపై చిన్న చక్రమువంటి అంచు ఉండును; దానిని తగిన రంధ్రమునందే అమర్చవలెను, లేనిచో రెండును తిరుగునపుడు ఒకదానినొకటి తగిలి విఱుగును. కాడల వెంట గ్రీజు క్రిందికి కారుచున్నదేమో చూచుకొనుట అవసరము. వెన్నకు, పిండికి వెడల్పు బద్దల బీటర్లు మేలు. తెల్లసొనకు, క్రీమునకు సన్నతీగెల విస్కు మేలు. విస్కుతో గట్టివెన్నను కొట్టినచో తీగెలు వంగిపోవును.

మెలిదిరిగిన డోహుక్కులను చూచి, ఇక చపాతీపిండిని, బొబ్బట్లపిండిని చేతితో కలుపనక్కరలేదని సంతసించువారు గలరు. అది దురాశ. మెత్తని బన్నుపిండిని కొద్దిగా కలుపుటకే అవి తగినవి. చపాతీపిండి గట్టిదనము గేర్లను అరగదీయును, బొబ్బట్లపిండి సాగుదల హుక్కులవెంట పైకెక్కి కాడల సందులలో చొరబడును. ఈ పనులకు చేయియే ఉత్తమము.

భద్రతకు సంబంధించినంతవఱకు, గృహవిద్యుదుపకరణముల భారతీయ ప్రమాణమగు ఐ.ఎస్. 302 ననుసరించినదా యని, ఐ.ఎస్.ఐ. ముద్రను చూడవలెను. చదరములో చదరము గుర్తున్నచో రెండుపొరల ఇన్సులేషను గలదని యర్థము. అట్టిదానికి ఎర్తుపిన్ను లేని రెండుపిన్నుల ప్లగ్గు దోషము కాదు. వైరు పొట్టిదైనచో ఎక్స్‌టెన్షనుబోర్డు వాడవలసివచ్చును, తడిచేతులతో పనిచేయు వంటగట్టుపై అది అపాయకరము. బీటర్లను తీయుటకు ముందు ప్లగ్గు ఊడదీయుట, మోటారుభాగమును ఎన్నడును నీటిలో ముంచకుండుట, గాలిరంధ్రములలో చేరిన మైదాపొడిని పొడిబ్రష్షుతో దులుపుట నిత్యాచారములుగా నుండవలెను. ఆ పొడియే గ్రీజుతో కలిసి ముద్దయై లోపలి గాలిని అడ్డగించును.

గుడ్డు ముట్టని యిండ్లలో మిక్సరు అవసరము మిక్కిలి తక్కువ. కండెన్స్‌డు పాలతోనో, పెరుగు సోడాలతోనో చేయు ఎగ్‌లెస్ కేకు గాలికంటె రసాయనముపైననే ఎక్కువగా ఆధారపడియున్నది. చేతివిస్కుతో రెండు నిమిషములు కలిపిన చాలును, అధికముగా కొట్టుట హానికరము. పైపూతకు క్రీము కావలసినపుడే వారికి మిక్సరు అక్కరకు వచ్చును. అందుకు 150 వాట్లది చాలును.

ఇందుకు భిన్నముగా, పుట్టినరోజు కేకులకు ఇరుగుపొరుగువారి ఆర్డర్లు తీసికొనుచు దినమునకు రెండు మూడు కేకులు చేయు స్త్రీలు నేడు ప్రతిపేటలోను గలరు. వారికి హ్యాండ్ మిక్సరు చిరకాలము సరిపోదు. కిలో క్రీమును ఒక్కమారు కొట్టుటలోను, పది గుడ్ల స్పాంజిలోను దాని మోటారు పరిమితిని దాటును. చేయి గంటలకొలది ఎత్తి పట్టుకొనుట దేహమునకును మంచిది కాదు. అట్టివారు అయిదు లీటర్ల గిన్నె గల స్టాండ్ మిక్సరును కొనుట న్యాయము. దానియందును బీటరు గిన్నె యంచులను, అడుగును ఎంత సమీపముగా తుడుచుకొనిపోవుచున్నదో, అతి మందవేగము ఎంతటిదో చూడవలెను. హ్యాండ్ మిక్సరును అప్పుడును అమ్మివేయనక్కరలేదు: రెండు తెల్లసొనలు, పావుకిలో క్రీము వంటి స్వల్పపరిమాణములు పెద్దగిన్నె యడుగున బీటరునకు అందవు గాన, ఆ పనులు దానికే మిగిలియుండును.